క్రొత్త తుపాకి, పాత శకునములు

పిల్లి యెదురైనదని ప్రయాణము మానుకొనువారిని, బల్లి మీద పడినదని పంచాంగము తిరుగవేయువారిని చూచి నవ్వుచు పెరిగినవారము మేము. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి యే మూఢవిశ్వాసములపై కలము దూసిరో, అవి మా యింటి గడప దాటి వెడలిపోయి మూడు తరములైనదని మాకొక గర్వముండెడిది. ఒక క్రొత్త తుపాకి మూలమున ఆ గర్వము పోయినది.

మా నివాసము అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు వెలుపల. తెలుగు మిత్రుడొకరు ఆ ప్రాంతముననే కొంత పొలము కొనిరి. మన పల్లెలలో వేరుశనగ చేలను అడవిపందులు త్రవ్విపోయునట్లే అక్కడను త్రవ్విపోవును. ఆయనతో కూడ రాత్రులు కాపునకు పోవుచు తుపాకి పట్టుట నేర్చితిమి. పట్టినది మొదలు, మంచి తుపాకి యొకటి చేయించుకొనవలెనను కోరిక పుట్టినది. అంగడిలో దొరకు తుపాకి రెడీమేడు చొక్కా వంటిది. అందరికిని సుమారుగా సరిపోవును. చేయించుకొన్నది దర్జీ కొలతలు తీసి కుట్టినది. మా కొలతలు మాకు తెలియకుండగనే మేము దర్జీకడకు పోయితిమి.

తుపాకుల పనివాడు నెమ్మదైన మనుష్యుడు. "గురి పోటీలలో వాడు తుపాకులకు ఏ కొలతలు పెట్టెదరో అవియే మాకును పెట్టుడు" అంటిమి. ఆయన కొంచెము తటపటాయించి, "తూటా గది మెడ బిగువుగా చేసినచో, మీరు వాడు ప్రతి తొడుగు మెడయు పలుచగా చెక్కుకొనవలసియుండును. తెలియును గదా?" అని అడిగెను. తెలియునంటిమి. నిజమునకు తెలియదు. తెలియదనుటకు నోరు రాలేదు. కళాశాలలో చదివి, యంత్రములతో బ్రతుకు గడపుచున్నవారము గదా! పదునొకండు నెలల పిమ్మట తుపాకి చేతికి వచ్చినది. దానితో పాటు ఆయన తన చేత చెక్కి సిద్ధపరచిన యిరువది తొడుగులను, కొలతలు వ్రాసిన కాగితమొకటియు ఇచ్చెను. కాగితమును మడిచి పెట్టెలో పెట్టితిమి.

చదువరులలో తుపాకి నెరుగనివారికి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. తూటా యనగా నాలుగు వస్తువులు కలసిన పొట్లము. ఇత్తడి తొడుగు ఒకటి. దాని యడుగున, సూది తాకగనే నిప్పు పుట్టించు ప్రైమరను చిన్న మూత రెండవది. లోపల పోయు మందు మూడవది. తొడుగు మెడలో బిగించు గుండు నాలుగవది. కాల్చిన పిమ్మట మందును గుండును పోవును, ప్రైమరు పనికిమాలినదగును, తొడుగు మాత్రము మిగులును. దానిని శుభ్రపరచి, అచ్చులో నొత్తి పూర్వపు టాకారమునకు తెచ్చి, క్రొత్త ప్రైమరును, తూచిన మందును, గుండును చేర్చినచో మరల తూటా యగును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి అనుమతిపత్రము లేనిదే ఇట్టి పని చేయరాదు. అమెరికాలో సొంత ఉపయోగమునకై ఇంటనే చేసికొనువారు వేలకొలది కలరు. పచ్చళ్ళు ఇంట పెట్టుకొనువారికి అంగడి పచ్చడిపై ఎట్టి చులకనభావముండునో వీరికి అంగడి తూటాలపై అట్టి చులకనభావముండును.

మందును గుండును తూచు మానము గ్రెయిను. ఈ మాట వినగనే అది పరదేశపు కొలత యనిపించును గాని, మనకు దానితో చుట్టరికము లేకపోలేదు. 1833లో ఆంగ్లేయ ప్రభుత్వము మన తులమునకు 180 గ్రెయినులని నిర్ణయించినది. తులమునకు 96 గురిగింజలను లెక్కలో, గురిగింజ యెత్తు గ్రెయినునకు ఇంచుమించు రెండింతలు. 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన 'థర్టీ-ఆట్-సిక్స్' అను తూటాయే మా తుపాకికిని తూటా. అందు మేము వాడు గుండు 180 గ్రెయినులు. అనగా సరిగా ఒక తులము! నానమ్మ పుస్తెలతాడు బరువును తులములలో చెప్పుచుండగా వినిన చెవులకు, రాగి కవచము తొడిగిన తులము సీసము సెకనునకు 2,700 అడుగుల వేగముతో పోవునని వినుట వింతగానే యుండినది.

తుపాకి తెచ్చిన మొదటి వారము పండుగవలె గడచినది. పనివాడిచ్చిన యిరువది తొడుగులతో తూటాలు చేసి కాల్చితిమి. ఒక చిక్కును లేదు. ఆ తొడుగులనే అచ్చులో నొత్తి రెండవమాఱు కాల్చగా, రెండు తూటాలు పేలలేదు. సూది తాకిన గుర్తు ప్రైమరుపై లోతు లేక వెలవెలబోవుచు కనబడినది. వెంటనే మేము చేసిన పని, పనివానికి జాబు వ్రాయుట: సూది పొట్టిదనియు, స్ప్రింగు బలహీనమనియు. ఆయన ప్రత్యుత్తరము ఒక్క వాక్యము: తొడుగు భుజమును ఎంత వెనుకకు నెట్టితిరో కొలిచి చెప్పుడు. కొలువగా, అంగుళములో వేయింట రెండు వంతులు చాలు చోట ఎనిమిది వంతులు నెట్టితిమని తేలినది. అచ్చును బిగింపుమని చెప్పిన దానికంటె మరి కొంచెము బిగించితిమి. ఎక్కువ బిగువు మేలేగదా యని. తొడుగు గదిలో వదులుగా కూర్చుండుటచే, సూది కొట్టినపుడు అది ముందునకు జరిగి దెబ్బను తప్పించుకొన్నది. ఇట్లు వదులుగా కాల్చి కాల్చి సాగిన తొడుగులు తుదకు అడుగున పగులును కూడ. అచ్చు సరిచేసితిమి, పేలనితనము పోయినది. పనివానికి క్షమాపణ వ్రాయలేదు. సరిపోయినదని మాత్రము వ్రాసితిమి.

అసలు కథ పిమ్మట మొదలైనది. ఇరువది తొడుగులు చాలవని వేరొక కంపెనీ తొడుగులు నూఱు కొని, తూటాలు చేసితిమి. ఆ నాటినుండి తుపాకి స్వభావము మారినది. బోల్టు మూయునపుడు కొన్ని తూటాలు కొంచెము మొరాయించెడివి. కాల్చిన పిమ్మట బోల్టును ఎత్తుటకు ఒకప్పుడు రెండు వ్రేళ్ళు చాలెడివి, ఒకప్పుడు అరచేతి దెబ్బ కావలసివచ్చెడిది. ప్రైమరుల యంచులు గుండ్రముగా నుండవలసినవి చదునై గోడకు సున్నము పూసినట్లు అంటుకొనిపోయెడివి. గుండ్లు ఒక చోట పడవయ్యె. అన్ని తూటాలకు నిట్లే యైనచో కారణమును వెదకియుందుము. నాలుగింటికి ఒకటి యట్లుండుటచే, వెదకుటకు మారుగా శకునములు చూడ మొదలిడితిమి.

శకునమనుమాట ఊరక వాడుట లేదు. గురి మైదానమున వాడుక యేమనగా, నూఱు గజముల దూరమున కాగితము పెట్టి మూడు గుండ్లు కాల్చుదురు. మూడును దగ్గరగా పడినచో ఆ మందు, ఆ గుండు, ఆ లోతు శ్రేష్ఠములని నిశ్చయింతురు. దూరముగా పడినచో వేరొకటి చూతురు. మేమును అట్లే చేసితిమి. ఒక ప్రొద్దున మూడు గుండ్లు అర్ధాంగుళములో పడినవి. ఆ కాగితపు ముక్కను కత్తిరించి సంచిలో పెట్టుకొని, అడిగినవారికిని అడుగనివారికిని చూపితిమి. మరునాడు అవే తూటాలు రెండంగుళములకు చెదరినవి. దానికి చేయి కదలినదంటిమి, గాలి వీచినదంటిమి. మంచి కాగితము తుపాకి గుణము, చెడ్డ కాగితము మన దురదృష్టము! జ్యోతిష్కుడు చెప్పిన వానిలో నిజమైనవి జ్ఞాపకముంచుకొని తప్పినవి మరచుటకును దీనికిని భేదమేమి? గవ్వలాటలో మూడుమాఱులు వరుసగా పందెము పడిన మాత్రమున ఆ గవ్వలలో మహిమ కలదని యెవ్వరు నమ్ముదురు? పదేసి గుండ్లు కాల్చి చూచినగాని ఒక తూటాకును మరియొక తూటాకును గల తారతమ్యము తెలియదని లెక్కలు నేర్చినవారందరకు తెలియును. మాకును తెలియును. కాని పది కాల్చినచో కాగితము అందముగా నుండదు.

ఆఱు వారములలో మేము మార్చినవి: మందు రెండు మాఱులు, ప్రైమరు ఒక మాఱు, గుండును దించు లోతు నాలుగు మాఱులు, దూరదర్శిని పట్టీలు ఒక మాఱు, కఱ్ఱకు గొట్టమును బిగించు మరల బిగువు లెక్కలేనన్ని మాఱులు. తఱచుగా రెండు మూడు ఒక్క దినముననే మార్చితిమి. వేగమును కొలుచు యంత్రమొకటి కొంటిమి. అందు కొన్ని తూటాలు తక్కినవానికంటె 80 అడుగులు ఎక్కువ వేగము చూపెను. దానిని చూచి సంతోషించితిమి కూడ! అదే మందునకు ఎక్కువ వేగము ఊరక రాదు, లోపలి యొత్తిడి పెరిగిననే వచ్చునని ఆలోచింపలేదు. ఈ తూటాకు నిర్ణయింపబడిన హద్దు చదరపు అంగుళమునకు 60,000 పౌనులు; కారు చక్రములో నుండు గాలి యొత్తిడి ముప్పది నలుబదికి మించదు.

మా గృహిణి ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేయునది. తుపాకి ఇంటికి వచ్చుట ఆమెకు ఇష్టము లేకుండెను. ఇనుప పెట్టె, తాళము, తాళపుచెవి తనకడ నుండుట యను మూడు షరతులపై ఒప్పుకొన్నది. ఒక రాత్రి మా వ్రాతలను చూచి, "ఏమండీ, పులుసు బాగులేదని ఉప్పును కారమును చింతపండును నీళ్ళును ఒక్కసారే మార్చినచో, రేపు బాగున్నను దేనివలన బాగున్నదో ఎట్లు తెలియును? తెలియకపోయిన ఎల్లుండి మరల పాడగును గదా?" అని అడిగెను. వంట వేరు, తుపాకి వేరంటిమి. ఆమె మరుమాటాడక పుస్తకము మూసినది.

ఇక చెప్పవలసిన దానిని చెప్పుటకు సిగ్గుగానున్నది. మా యమ్మాయికి పదునేడేండ్లు. పోయిన యేడు పాఠశాలవారి గురి పోటీలో చిన్న తుపాకితో బహుమానము పొందిన పిల్ల. ఆమెకు ఈ తుపాకిని చూపి మెప్పు పొందవలెనని ఒక శనివారము మైదానమునకు తీసికొనిపోయితిమి. ముందునాడే మందును పుస్తకమున చెప్పిన పైహద్దు దగ్గరకు పెంచి యుంటిమి, హద్దు దాటలేదు. మొదటి రెండును మేము కాల్చితిమి. రెండవదానికి బోల్టు అరచేతి దెబ్బతోగాని లేవలేదు. తుపాకిని ఆమె చేతికిచ్చితిమి. ఆమె తూటా నెక్కించి బోల్టు మూయబోయి ఆగి, వెనుకకు తీసి, తూటాను బల్లపై పెట్టి, "నాన్నా, ఇది బిగుసుకొనుచున్నది. నేను కాల్చను" అనెను. క్రొత్త తుపాకికి బిగువు సహజమంటిమి. ఆమె కదలలేదు. భయపడువారికి గురి రాదని, ఆడపిల్లల పిరికితనమిట్లే యుండునని, పదిమంది వినుచుండగా ఒక మాట యంటిమి. ఆడపిల్లల చదువును గూర్చి సభలలో ఉపన్యసించిన నోటనే ఆ మాట వచ్చినది. పిల్ల ముఖము ఎఱ్ఱవారినది. ఏమియు ననక పోయి కారులో కూర్చుండెను.

ఆమెకు బుద్ధి చెప్పుటకు ఆ తూటానే మేమెక్కించి కాల్చితిమి. దెబ్బ చెంపకు తగిలినట్లయినది. బోల్టు లేవలేదు. కఱ్ఱముక్కతో తట్టగా తట్టగా లేచినది. తొడుగు బయట పడినది గాని, దాని యడుగున ప్రైమరుండవలసిన చోట రంధ్రము మాత్రమే యున్నది. ప్రైమరు వేరుగా రాలి బల్లపై పడినది. కంటి యద్దములు పెట్టుకొనియుంటిమి. మరి కొంత యొత్తిడి పెరిగియున్నచో అద్దములు చాలియుండునా యని ఇప్పటికిని అనుకొనుచుందుము. ఆ బల్లయొద్ద మేము గాక పదునేడేండ్ల పిల్ల యుండవలసినది.

ప్రక్క బల్లవద్దనుండి వృద్ధుడొకరు లేచి వచ్చెను. యంత్రశాలలో నలుబదియేండ్లు పనిచేసి విరమించినవారు. "ఈ దినమునకు చాలును" అని తుపాకిని ఖాళీచేయించి, "కాల్చిన తొడుగొకటియు, కాల్చని గుండొకటియు ఇయ్యుడు" అని అడిగెను. ఇచ్చితిమి. గుండును తీసి, కాల్చిన తొడుగు మెడలో దించజూచెను. దిగలేదు. మా పెట్టెలో పనివాడిచ్చిన పాత తొడుగు లున్నవి. వానిలో కాల్చినదానిని తీసి దించెను. గుండు జారి లోపల పడి అడుగున టక్కుమని తగిలినది. ఆయన రెంటిని మా ముందు పెట్టి ఊరకుండెను. మాకు బోధపడలేదు. అప్పుడాయన గొట్టముపై, తూటా గదికి సమీపమున చెక్కియున్న అంకెలపై వ్రేలు పెట్టి, "దీనిని ఏమనుకొంటిరి?" అనెను. అక్కడ 0.336 అని యున్నది. మేము దానిని వరుస సంఖ్య యనుకొంటిమి. ఆ మాట చెప్పితిమి కూడ. ఆయన నవ్వినచో మాకు తేలికగా నుండెడిది.

ఆ అంకె తూటా గది మెడ వ్యాసము, అంగుళములలో. గుండు వ్యాసము 0.308. పనివాడు చెక్కియిచ్చిన తొడుగుల మెడ గోడ మందము 0.0125, అది గుండునకు రెండు ప్రక్కలను చేరగా 0.333. గది గోడకును తొడుగునకును నడుమ వేయింట మూడు వంతులు, అనగా ఇంచుమించు వెండ్రుక మందము, చోటు కలదు. మేము కొన్న తొడుగుల గోడలు 0.0135 మొదలు 0.014 వఱకు నుండెను. 0.014 గల తొడుగున గుండు పెట్టగా మొత్తము 0.336. అనగా చోటు సున్న. మందు మండినపుడు ఇత్తడి మెడ వెడలుపై గుండును విడువవలెను. విడిచిన పిమ్మట కొంచెము ముడుచుకొనును. వెడలుపగుటకు చోటే లేనపుడు మెడ గుండును పట్టుకారువలె పట్టుకొనియుండును. వెనుక నిప్పు పెరుగుచుండును. పలుచని గోడల తూటాలు బాగుగానే పేలెడివి, మందపు గోడలవి బిగిసెడివి. నాలుగింటికొకటి యను రహస్యమంతయు ఇదియే. పుస్తకము చెప్పిన హద్దు అంగడి తుపాకుల కొలతలకు చెప్పినది. దర్జీ కొలతలకు చెప్పినది కాదు. మెడ బిగువుగా నున్నచో తొడుగులు చెక్కుకొనవలెనని పనివాడు నోట చెప్పెను, కాగితముపై వ్రాసెను, ఇనుముపై చెక్కెను. ఇంతకంటె నాతడేమి చేయగలడు?

గురిగింజతో తూచిన జాతివారము గదా, గురిగింజ తన నలుపెరుగదను సామెతయు మనదే. ఆఱు వారములలో సూదిని, స్ప్రింగును, మందును, గాలిని, కూతురి ధైర్యమును సయితము అనుమానించితిమి. మేము చేసిన తూటా మెడను మాత్రము కొలువలేదు. కొలుచు సాధనము మొదటి దినమునుండి బల్ల సొరుగులోనే యున్నది.

ఇంటికి వచ్చు త్రోవలో పిల్లతో మాటాడుటకు రెండు మాఱులు ప్రయత్నించి యూరకుంటిమి. ఇల్లు చేరిన పిమ్మట, వాళ్ళ అమ్మ ఎదుటనే, జరిగినదంతయు చెప్పి, "నీవన్నది నిజము, మేమన్నది తప్పు, పదిమందిలో ననుట ఇంకను తప్పు" అంటిమి. ఆమె, "ఆ ఖాళీ తొడుగేది?" అని మాత్రమడిగి, ప్రైమరు రాలిన రంధ్రమును చాలసేపు చూచినది. తల్లి ఏమియు ననలేదు. తాళపుచెవి మాత్రము ఒక నెల దినములు అడిగినను ఇయ్యలేదు.

ఆ నెలలో పనివానికి మొదట వ్రాయవలసిన క్షమాపణను వ్రాసి, బోల్టును గొట్టమును పరీక్షింప పంపితిమి. అపాయమేమియు లేదని తిరిగి వచ్చినవి. చేసియుంచిన తూటాలన్నియు విప్పి, మందును వేరుచేసితిమి. తొడుగుల మెడలు చెక్కు చిన్న పనిముట్టు కొంటిమి. మెడలోనికి ఒక కడ్డీ దూర్చి, పైన వాడి ఉలి ఆనించి త్రిప్పగా, దుమ్మువంటి ఇత్తడి రజను రాలును. మొదటి పది తొడుగులు పాడుచేసితిమి. పిమ్మట చేయి కుదిరినది. ఈ పని యిప్పుడు మా యమ్మాయికిని మాకును కలసి చేయు పని. కాల్చిన ప్రతి తొడుగు మెడలోను ఆమె గుండు దించి చూచును. టక్కుమన్నచో ఒక పెట్టెలో, అనకున్నచో వేరొక పెట్టెలో. లెక్కల పుస్తకము గృహిణి చేతిలోనికి పోయినది. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క మార్పు, అంతే.

మొన్న చలి తగ్గిన తరువాత మైదానమునకు పోయి, పిల్ల పది గుండ్లు కాల్చినది. పదింటికిని బోల్టు రెండు వ్రేళ్ళతో లేచినది. పదియు ఒకటింబాతిక అంగుళములో పడినవి. వానిలో దగ్గర దగ్గరగా పడిన మూడింటిని చూపి, "ఈ మూడింటిని కత్తిరించి సంచిలో పెట్టుకొందువా, నాన్నా?" అని అడిగెను. వద్దంటిమి. ఒకటింబాతిక యనియే పుస్తకమున వ్రాయించితిమి.